సింగిల్ గ్రెయిన్ స్కాచ్: తేలికదనం వెనుక ఉన్న శాస్త్రం

స్కాచ్ విస్కీ అనగానే ఉల్లిపాయ ఆకారపు రాగి బట్టీలు, మొలకెత్తిన బార్లీ, పీట్ పొగ వాసన గుర్తుకొస్తాయి. ఈ చిత్రమంతా సింగిల్ మాల్ట్‌ది. అయితే ప్రపంచంలో అమ్ముడయ్యే స్కాచ్‌లో పెద్ద వాటా బ్లెండెడ్ విస్కీదే. ఆ సీసాల్లోని ద్రవంలో సాధారణంగా సగానికి పైగా ఉండేది మాల్ట్ కాదు, గ్రెయిన్ విస్కీ. గోధుమ నుంచో మొక్కజొన్న నుంచో, ఎత్తైన స్తంభాల్లాంటి బట్టీల్లో, రాత్రీ పగలూ ఆగకుండా తయారయ్యే విస్కీ ఇది. దీన్ని మాల్ట్‌తో కలపకుండా, ఒకే డిస్టిలరీ సరుకును విడిగా సీసాలో నింపితే అది సింగిల్ గ్రెయిన్.

చాలాకాలం పాటు ఈ విస్కీని బ్లెండ్‌ను పలచబరిచే చవక సరుకుగానే చూశారు. రుచి లేనిదనీ, యంత్రం నుంచి వచ్చింది కాబట్టి వ్యక్తిత్వం లేనిదనీ అన్నారు. దాని తయారీలోని రసాయన శాస్త్రాన్ని దగ్గరగా చూస్తే ఈ తీర్పు నిలవదు. గ్రెయిన్ విస్కీ తేలికదనం లోపం వల్ల వచ్చింది కాదు. ఏ పదార్థాలను తొలగించాలి, ఏవి మిగల్చాలి, ఎక్కడ ఆగాలి అన్న కచ్చితమైన నిర్ణయాల ఫలితం అది. అలా మిగిలిన కొద్దిపాటి పదార్థాలకు ఓక్ పీపా, కాలం తోడైనప్పుడు ఏం జరుగుతుందో తెలుసుకుంటే, ఈ విస్కీ ఆకర్షణ ఎక్కడుందో బోధపడుతుంది.

చట్టం గీసిన హద్దులు

2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనలు స్కాచ్‌ను ఐదు రకాలుగా విభజించాయి: సింగిల్ మాల్ట్, సింగిల్ గ్రెయిన్, బ్లెండెడ్ మాల్ట్, బ్లెండెడ్ గ్రెయిన్, బ్లెండెడ్ స్కాచ్. సింగిల్ మాల్ట్‌లో మొలకెత్తించిన బార్లీ తప్ప మరో ధాన్యం ఉండకూడదు. దాన్ని పాట్ స్టిల్‌లోనే, అంటే కుండ లాంటి బట్టీలోనే, విడతలు విడతలుగా స్వేదనం చేయాలి. సింగిల్ గ్రెయిన్‌కు ఇంత కట్టడి లేదు. మొలకెత్తించిన బార్లీ కొంతైనా ఉండాలి. దానికి ఇతర ధాన్యాలను పూర్తి గింజల రూపంలో కలుపుకోవచ్చు. బట్టీ ఏదైనా కావచ్చు, డిస్టిలరీ మాత్రం ఒక్కటే కావాలి. పేరులోని ‘సింగిల్’ ఆ ఒక్క డిస్టిలరీకే వర్తిస్తుంది, ధాన్యం సంఖ్యకు కాదు.

మిగతా నియమాలు రెండింటికీ ఉమ్మడి. తయారీ అంతా స్కాట్లాండ్‌లోనే జరగాలి. కనీసం 3 ఏళ్లు, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో పండాలి. నీరు, రంగు కోసం సాదా కారమెల్ తప్ప మరేమీ కలపకూడదు. సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. వీటితో పాటు మరో నియమం ఉంది: స్వేదనం చేసిన స్పిరిట్ గాఢత 94.8 శాతం కన్నా తక్కువ ఉండాలి. ముడిసరుకు నుంచీ, తయారీ పద్ధతి నుంచీ వచ్చే వాసన, రుచి స్పిరిట్‌లో మిగలాలన్నదే దీని ఉద్దేశమని చట్టమే చెబుతుంది. పాట్ స్టిల్‌లో రెండుసార్లు కాచిన మాల్ట్ స్పిరిట్ సుమారు 70 శాతం దగ్గరే ఆగిపోతుంది కనుక దానికి ఈ హద్దుతో పనిలేదు. గ్రెయిన్ విస్కీకి మాత్రం ఇదే ప్రాణం.

గింజలోని పిండి చక్కెరగా మారే తీరు

ఈస్ట్ చక్కెరను తినగలదు గానీ పిండిపదార్థాన్ని తినలేదు. కాబట్టి ఏ ధాన్యపు మద్యానికైనా తొలి మెట్టు పిండిని చక్కెరగా మార్చడమే. గోధుమ, మొక్కజొన్న గింజల్లో పిండి గట్టి రేణువులుగా బిగుసుకుని ఉంటుంది. గ్రెయిన్ డిస్టిలరీల్లో ఆ గింజలను నీటితో కలిపి, సాధారణంగా పీడనం కింద, 100 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికిస్తారు. రేణువులు నీరు పీల్చి ఉబ్బి, పగిలి, గంజిలా చిక్కబడతాయి. మొక్కజొన్న పిండి ఉబ్బడానికి గోధుమ పిండి కన్నా ఎక్కువ వేడి కావాలి. గోధుమ కాస్త తేలికగా లొంగినా, దాని జిగురు వల్ల గంజి మరీ చిక్కబడి గొట్టాల్లో కదలడం కష్టమవుతుంది.

ఈ గంజిని 60 డిగ్రీల పై వేడికి చల్లార్చి, మొలకెత్తించిన బార్లీని కలుపుతారు. మొత్తం ధాన్యంలో దాని వాటా దాదాపు పదో వంతు ఉంటుంది. మొలక వచ్చేటప్పుడు గింజలో ఆల్ఫా అమైలేజ్, బీటా అమైలేజ్ వంటి ఎంజైములు చురుకవుతాయి. తనలోని పిండిని కరిగించి మొక్కకు ఆహారం చేయడానికి గింజ సిద్ధం చేసుకున్న సాధనాలివి. మన ఇళ్లలో మొలకెత్తించిన రాగుల పిండితో పిల్లలకు కాచే జావ మామూలు రాగి జావ కన్నా పలచగా, కాస్త తియ్యగా ఉండటానికి కారణం కూడా ఇవే. డిస్టిలరీలో ఈ కొద్దిపాటి బార్లీ తన పిండినే కాక, తొమ్మిదింతల ఇతర ధాన్యం పిండిని కూడా కరిగించాలి. అందుకే గ్రెయిన్ విస్కీ కోసం ఎంజైముల శక్తి ఎక్కువగా ఉన్న మాల్ట్‌ను ప్రత్యేకంగా ఎంచుకుంటారు. ప్రయోగశాలలో తయారైన ఎంజైములను బయటి నుంచి కలపడానికి స్కాచ్ చట్టం ఒప్పుకోదు. గింజలో పుట్టిన ఎంజైములే పని పూర్తి చేయాలి.

ఇలా వచ్చిన తియ్యటి ద్రవాన్ని చల్లార్చి ఈస్ట్ వేస్తారు. బీరు తయారీలో లాగా ఇక్కడ ద్రవాన్ని మరిగించరు కనుక ఎంజైములు చావవు. పులిసే తొట్టెల్లోనూ అవి మిగిలిన పిండి ముక్కలను విడగొడుతూ ఈస్ట్‌కు అందిస్తూనే ఉంటాయి. సుమారు రెండు మూడు రోజుల్లో తక్కువ గాఢత గల, బీరు లాంటి ద్రవం తయారవుతుంది. దీన్ని ‘వాష్’ అంటారు. ఆల్కహాల్‌తో పాటు ఈస్ట్ ఇంకెన్నో పదార్థాలను తయారుచేస్తుంది: పండ్ల వాసన ఇచ్చే ఎస్టర్లు, ఘాటైన ఆల్డిహైడ్లు, బరువైన ఆల్కహాళ్లు, గంధకపు సమ్మేళనాలు. రుచినీ వాసననూ నిర్ణయించే ఈ పదార్థాలన్నిటికీ కలిపి కంజెనర్లని పేరు. ఇక్కడి నుంచి విస్కీ కథ వీటి చుట్టూనే తిరుగుతుంది.

ధాన్యం ఎంపిక వెనుక అర్థశాస్త్రం కూడా ఉంది. 1980ల తొలి ఏళ్ల దాకా స్కాట్లాండ్ గ్రెయిన్ డిస్టిలరీలు ప్రధానంగా దిగుమతి మొక్కజొన్న మీదే నడిచేవి. ఐరోపా ఆర్థిక సమాజం సుంకాలతో ఆ మొక్కజొన్న ఖరీదయ్యాక, ఎక్కువ డిస్టిలరీలు స్థానిక గోధుమకు మళ్లాయి. ఎడిన్‌బరోలోని నార్త్ బ్రిటిష్ డిస్టిలరీ మాత్రం మొక్కజొన్నను వదల్లేదు. మొక్కజొన్న విస్కీలో నూనెదనం, నిండుదనం ఎక్కువనీ, గోధుమ విస్కీ మరింత మృదువనీ రుచి చూసేవారు చెబుతారు.

స్టీన్ నుంచి కాఫీ దాకా

పాట్ స్టిల్‌కు ఒక పరిమితి ఉంది. వాష్ నింపాలి, కాచాలి, ఖాళీ చేయాలి, కడగాలి, మళ్లీ నింపాలి. ప్రతి విడతలో ఎంతో ఇంధనం వృథా అవుతుంది. పరిశ్రమలు పెరుగుతున్న 19వ శతాబ్దపు లోలాండ్స్‌లో, అంటే స్కాట్లాండ్ దక్షిణ ప్రాంతంలో, డిస్టిలరీ యజమానులు దీనికి విరుగుడు వెతికారు. కిల్‌బేగీ డిస్టిలరీకి చెందిన రాబర్ట్ స్టీన్ 1820ల చివర్లో ఆగకుండా పనిచేసే బట్టీకి పేటెంట్ పొందాడు. ఫైఫ్ ప్రాంతంలో కామెరాన్‌బ్రిడ్జ్ డిస్టిలరీని 1824లో స్థాపించిన అతని బంధువు జాన్ హేగ్ ఆ బట్టీని తన దగ్గర పెట్టించుకున్నాడు.

దానికన్నా సమర్థమైన రూపాన్ని ఇచ్చినవాడు ఈనియాస్ కాఫీ. ఐర్లాండ్ ఎక్సైజ్ శాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్ స్థాయికి ఎదిగిన అధికారి. దొంగసారా కాచేవారిని వెంటాడే క్రమంలో 1810లో తీవ్రంగా గాయపడ్డాడు కూడా. వందలాది బట్టీలను తనిఖీ చేసిన ఆ అనుభవం అతనికి స్వేదనంలోని లోటుపాట్లను నేర్పింది. ఉద్యోగం వదిలాక డబ్లిన్‌లో డిస్టిలరీ నడిపాడు. 1830లో తన బట్టీకి పేటెంట్ తీసుకున్నాడు. సొంత దేశపు పెద్ద డిస్టిలరీలు దాన్ని ఆదరించలేదు. తమ పాట్ స్టిల్ విస్కీకి అది సాటిరాదని అవి నమ్మాయి. స్కాట్లాండ్ లోలాండ్స్ మాత్రం దాన్ని ఇష్టంగా అందుకుంది. ఈనాటికీ ఈ తరహా బట్టీని ‘కాఫీ స్టిల్’ అనే పిలుస్తారు.

1860 నాటి స్పిరిట్స్ చట్టం సుంకం కట్టకముందే గోదాముల్లో మాల్ట్, గ్రెయిన్ విస్కీలను కలిపేందుకు వీలు కల్పించింది. ఎడిన్‌బరో వ్యాపారి ఆండ్రూ అషర్ వంటివారు దీన్ని ఆసరాగా చేసుకుని బ్లెండెడ్ స్కాచ్‌కు రూపమిచ్చారు. 1877లో ఆరు లోలాండ్ గ్రెయిన్ డిస్టిలరీ సంస్థలు కలిసి డిస్టిల్లర్స్ కంపెనీ లిమిటెడ్‌గా ఏర్పడ్డాయి. గ్రెయిన్ సరఫరా అంతా ఒక చేతిలోకి పోతోందని బ్లెండర్లు భయపడ్డారు. అషర్‌తో పాటు కొందరు కలిసి 1885లో నార్త్ బ్రిటిష్‌ను స్థాపించడానికి కారణం ఆ భయమే.

స్తంభం లోపల జరిగే వేర్పాటు

కాఫీ స్టిల్‌లో రెండు స్తంభాలుంటాయి. మొదటిది అనలైజర్, రెండోది రెక్టిఫైయర్. రెండింటిలోనూ ఒకదానిపై ఒకటిగా చిల్లుల పళ్ళేలు అమర్చి ఉంటాయి. వేడెక్కిన వాష్ అనలైజర్ పైనుంచి పళ్ళెం వెంట పళ్ళెం దిగుతుంది. కింది నుంచి నీటి ఆవిరి చిల్లుల గుండా పైకి వస్తుంది. రెండూ ఎదురైన ప్రతిచోటా ఆవిరి ద్రవంలోని ఆల్కహాల్‌ను లాక్కుని పైకి పోతుంది. వాష్ అడుగుకు చేరేసరికి అందులో ఆల్కహాల్ దాదాపు మిగలదు.

ఆ ఆవిరి రెక్టిఫైయర్ అడుగున ప్రవేశిస్తుంది. ఇక్కడే కాఫీ తెలివి కనిపిస్తుంది. అనలైజర్‌కు వెళ్లాల్సిన చల్లని వాష్‌ను ఒక మెలికల గొట్టం ద్వారా ముందుగా రెక్టిఫైయర్ లోపలి నుంచి పంపించాడు. ఆ గొట్టం చుట్టూ ఉన్న ఆవిరి చల్లబడుతుంది, గొట్టంలోని వాష్ వేడెక్కుతుంది. ఒకదాన్ని చల్లార్చే పని, మరొకదాన్ని వేడిచేసే పని ఒకే చోట, ఒకే ఖర్చుతో పూర్తవుతాయి. ఉష్ణాన్ని తిరిగి వాడుకోవడాన్ని ఈ యంత్రం ఎంతో సులువుగా సాధించింది.

రెక్టిఫైయర్‌లో పైకి పోయేకొద్దీ వేడి తగ్గుతుంది, ఆల్కహాల్ గాఢత పెరుగుతుంది. ఇథనాల్ 78 డిగ్రీల వద్ద, నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతాయి. ప్రతి పళ్ళెంపై ఆవిరి కొంత ద్రవమవుతుంది, ద్రవం కొంత ఆవిరవుతుంది. అంటే ప్రతి పళ్ళెమూ ఒక చిన్న స్వేదనమే. పదుల సంఖ్యలో పళ్ళేలు దాటి వచ్చిన ఆవిరి పదుల సార్లు శుద్ధి చేసినట్టే. ఎసిటాల్డిహైడ్ లాంటి అతి తేలిక పదార్థాలు స్తంభం పైనుంచి వెళ్లిపోతాయి. వాటికి కాస్త కింద, ఎంచుకున్న పళ్ళెం దగ్గర విస్కీ స్పిరిట్‌ను బయటికి తీస్తారు.

బరువైన ఆల్కహాళ్ల ప్రవర్తన ఇక్కడ మరీ ఆసక్తికరం. ఐసోఅమైల్ ఆల్కహాల్‌నే తీసుకుందాం. స్వచ్ఛంగా ఉన్నప్పుడు అది సుమారు 131 డిగ్రీల వద్ద మరుగుతుంది. దాన్నిబట్టి చూస్తే అది అడుగునే ఉండిపోవాలి. కానీ దాని అణువుకు నీటితో పొసగదు. నీరెక్కువగా ఉన్న కింది పళ్ళేల్లో నీరు దాన్ని బయటికి నెట్టేస్తుంది. అక్కడ అది ఇథనాల్ కన్నా వేగంగా ఆవిరై పైకి పోతుంది. ఇథనాల్ నిండిన పై పళ్ళేలకు చేరాక దానికి పొత్తు కుదురుతుంది; ఆవిరయ్యే తొందర తగ్గి కిందికి జారుతుంది. ఇలా పైకీ పోలేక, కిందికీ దిగలేక స్తంభం నడుమ పళ్ళేల్లో పేరుకుంటుంది. అక్కడి నుంచి దాన్ని విడిగా లాగేస్తారు. ప్రొపనాల్, ఐసోబ్యుటనాల్ ఇంతగా చిక్కుకోవు. వాటిలో గణనీయమైన భాగం స్పిరిట్‌తో పాటే బయటికి వస్తుంది.

అందుకే గ్రెయిన్ విస్కీకి ఒక రసాయనిక గుర్తింపు ఉంది. అందులో ప్రొపనాల్, ఐసోబ్యుటనాల్ కనిపిస్తాయి. ఐసోఅమైల్ ఆల్కహాల్ మాత్రం మాల్ట్‌తో పోలిస్తే చాలా తక్కువ. బరువైన ఆల్కహాళ్ల మధ్య ఉన్న ఈ నిష్పత్తులు కల్తీ స్కాచ్‌ను పట్టుకోవడానికి రసాయన శాస్త్రవేత్తలకు ఉపయోగపడతాయి. వ్యక్తిత్వం లేదని కొట్టిపారేసిన విస్కీకి ప్రయోగశాలలో వేలిముద్ర లాంటి ఆనవాలు దొరుకుతోందన్న మాట.

ఇందులో రాగి పోషించే పాత్రను కూడా మరవకూడదు. వాష్‌లోని గంధకపు సమ్మేళనాలు ఉడికిన కూరగాయల వాసనను, కుళ్లు వాసనను తెస్తాయి. వేడి రాగి తలం వాటిలో చాలావాటిని పట్టుకుంటుంది. తుప్పు పట్టని ఉక్కుతో కట్టిన ఆధునిక స్తంభాల్లోనూ రాగి భాగాలను అమర్చడానికి కారణం ఇదే.

94.8 దగ్గర ఆగడం ఎందుకు?

స్తంభానికి పళ్ళేలు పెంచుతూ పోతే ఎంత శుద్ధి అయినా సాధ్యమేనా? ప్రకృతి ఒక హద్దు పెట్టింది. ఇథనాల్, నీరు కలిసి సుమారు 97 శాతం ఘనపరిమాణ గాఢత వద్ద అజియోట్రోప్‌గా ఏర్పడతాయి. అక్కడ ద్రవంలో ఎంత నిష్పత్తిలో ఉన్నాయో, ఆవిరిలోనూ అదే నిష్పత్తి. మామూలు స్వేదనం అంతకు మించి వేరుచేయలేదు. ఈ గోడకు ఎంత దగ్గరైతే స్పిరిట్ అంత రుచీ వాసనా లేనిదవుతుంది. స్కాచ్ చట్టం ఆ గోడకు కాస్త ఇవతల, 94.8 శాతం దగ్గర గీత గీసింది.

భారతీయ పరిశ్రమతో పోలిస్తే ఈ గీత విలువ స్పష్టమవుతుంది. మన దేశంలో తయారయ్యే చాలా మద్యాలకు మూలం ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్. మొలాసిస్ నుంచి గానీ, నూకలు, మొక్కజొన్న వంటి ధాన్యం నుంచి గానీ తీసి, దాదాపు 96 శాతం గాఢతకు శుద్ధి చేసే స్పిరిట్ అది. తన ముడిసరుకు జాడ ఏమాత్రం మిగల్చకపోవడమే దాని లక్ష్యం. గ్రెయిన్ స్కాచ్ లక్ష్యం దీనికి భిన్నం. రెండు అంకెల మధ్య తేడా ఒకటి రెండు శాతమే అయినా, ఆ చివరి మెట్టులోనే ఎస్టర్లు, తేలికపాటి ఆల్కహాళ్లు మిగలడమో పోవడమో తేలిపోతుంది. దీనికి తోడు కనీసం 3 ఏళ్లు పీపాలో ఉండాలన్న షరతు ఉండనే ఉంది. గ్రెయిన్ విస్కీ అంటే రంగు వేసిన తటస్థ ఆల్కహాల్ అనుకునేవారు గమనించాల్సిన భేదం ఇది.

‘విస్కీ అంటే ఏమిటి?’

ఈ భేదం కోర్టుల దాకా వెళ్లింది. 1905లో లండన్‌లోని ఇజ్లింగ్టన్ బరో కౌన్సిల్, పేటెంట్ స్టిల్ (కాఫీ తరహా స్తంభపు బట్టీ) స్పిరిట్‌ను విస్కీ పేరుతో అమ్మారని కొందరు మద్యం వ్యాపారులపై కేసు పెట్టింది. ఆహార కల్తీ చట్టం కింద నడిచిన ఆ కేసులో 1906లో మెజిస్ట్రేట్ వ్యాపారులకు వ్యతిరేకంగా తీర్పు చెప్పాడు. ఆ తీర్పు నిలిచి ఉంటే బ్లెండెడ్ స్కాచ్ పరిశ్రమ పునాదులు కదిలేవి. ఆ ఏడాదే డిస్టిల్లర్స్ కంపెనీ తన కాంబస్ డిస్టిలరీ గ్రెయిన్ విస్కీని విడిగా సీసాల్లో నింపి, పత్రికల్లో ప్రకటనలిచ్చి అమ్మింది. గ్రెయిన్ విస్కీ తనంతట తాను నిలబడగలదని ప్రజల ముందు వాదించడమే దాని ఉద్దేశం.

చివరికి లార్డ్ జేమ్స్ ఆఫ్ హియర్‌ఫర్డ్ అధ్యక్షతన 1908లో రాయల్ కమిషన్ ఏర్పడింది. శాస్త్రవేత్తలను, తయారీదారులను, వైద్యులను విచారించి 1909లో నివేదిక ఇచ్చింది. ధాన్యపు గుజ్జును మాల్ట్ ఎంజైములతో చక్కెరగా మార్చి, పులియబెట్టి, స్వేదనం చేసిన స్పిరిట్ విస్కీయేననీ, బట్టీ ఆకారాన్ని బట్టి దాన్ని కాదనలేమనీ తేల్చింది. విస్కీని నిర్వచించేది గింజలోని జీవరసాయన క్రియ అన్న ఈ దృష్టి నేటి చట్టంలోనూ కొనసాగుతోంది. పీపాలో కనీస కాలం ఉండాలన్న నియమం తర్వాత, 1915 నాటి చట్టంతో వచ్చింది.

పీపా, కాలం

బట్టీ నుంచి దిగిన గ్రెయిన్ స్పిరిట్ నీళ్లలా తేటగా ఉంటుంది. ధాన్యపు తీపిని, పండ్ల ఛాయను పోల్చుకోవచ్చు, అంతే. దాన్ని ఎక్కువగా అమెరికాలో బర్బన్ విస్కీ నింపి ఖాళీ చేసిన, సుమారు 200 లీటర్ల తెల్ల ఓక్ పీపాల్లో నింపుతారు. ఆ పీపాల లోపలి తలాన్ని ముందే మంటతో బొగ్గు పొర వచ్చేలా కాల్చి ఉంటారు.

ఆ వేడికి ఓక్ చెక్కలో మూడు మార్పులు జరిగాయి. చెక్కను గట్టిగా నిలిపే లిగ్నిన్ విడిపోయి వానిలా వాసన ఇచ్చే వానిలిన్ పుట్టింది. హెమీసెల్యులోజ్ విరిగి, కాలిన చక్కెర వాసనలిచ్చే పదార్థాలు వచ్చాయి. చెక్కలోని కొవ్వు పదార్థాలతో సంబంధమున్న ఓక్ లాక్టోన్లు కొబ్బరి వాసనను తెచ్చాయి. అమెరికన్ తెల్ల ఓక్‌లో ఈ లాక్టోన్లు ఎక్కువ. ఏళ్ల తరబడి స్పిరిట్ చెక్కలోకి చొరబడి, మళ్లీ బయటికి వస్తూ వీటన్నిటినీ కరిగించుకుంటుంది. మరోవైపు బొగ్గు పొర గంధకపు వాసనలను పీల్చుకుంటుంది. చెక్క రంధ్రాల గుండా చేరే ఆక్సిజన్ ఆల్కహాళ్లను నెమ్మదిగా ఆల్డిహైడ్లుగా, ఆమ్లాలుగా, ఎస్టర్లుగా మారుస్తుంది.

మాల్ట్, గ్రెయిన్ దారులు విడిపోయేది ఇక్కడే. మాల్ట్ స్పిరిట్‌లో బరువైన కంజెనర్లు ఎక్కువ. పీపా వాటితో చాలాకాలం తలపడాలి. గంధకాన్ని తగ్గించాలి, ఘాటును అణచాలి. గ్రెయిన్ స్పిరిట్‌లో తొలగించాల్సింది పెద్దగా ఉండదు. అందువల్ల పీపా ఇచ్చే వానిలా, కొబ్బరి, కాల్చిన చక్కెర ఛాయలు అడ్డం లేకుండా బయటపడతాయి. పీపా మంచిదైతే ఆ మంచితనం, పాతబడి సత్తువ కోల్పోయినదైతే ఆ పేదరికం కూడా దాపరికం లేకుండా తెలిసిపోతాయి. తక్కువ వయసు గ్రెయిన్ విస్కీ కొన్నిసార్లు చదునుగా, ఆల్కహాల్ ఘాటుతో అనిపించడానికి కారణం స్తంభమొక్కటే కాదు. పదేపదే వాడి అలసిన పీపా కూడా.

దీర్ఘకాలం మాత్రం గ్రెయిన్‌కు బాగా కలిసొస్తుంది. 30, 40 ఏళ్లు దాటిన గ్రెయిన్ విస్కీల్లో మెత్తని, దాదాపు నూనె లాంటి జారుడుతనం, తేనె, కొబ్బరి, మగ్గిన అరటిపండు ఛాయలు కలిసి వస్తాయి. స్కాట్లాండ్ చల్లని వాతావరణం ఈ ఓపికకు వీలిస్తుంది. అక్కడి పీపాల నుంచి ఏటా ఆవిరైపోయేది సుమారు 2 శాతం. ఆ లెక్కన 40 ఏళ్లకు పీపాలో సగానికన్నా తక్కువే మిగులుతుంది. బెంగళూరు వంటి చోట్ల ఏటా పదో వంతు దాకా ఆవిరవుతుంది కనుక మన వాతావరణంలో అంతటి వయసు గల విస్కీ ఊహకందదు. స్కాచ్‌లో వయసు మీరిన సింగిల్ గ్రెయిన్ సాధారణంగా అదే వయసు మాల్ట్ కన్నా తక్కువ ధరకు దొరుకుతుంది. రసికులు దీన్ని వెతుక్కుంటూ వెళ్లడానికి ఇదీ ఒక కారణం.

డిస్టిలరీలు, వాటి తీరు

మాల్ట్ డిస్టిలరీలు స్కాట్లాండ్‌లో వందకు పైగా ఉంటే, పెద్ద గ్రెయిన్ డిస్టిలరీలు వేళ్లపై లెక్కించదగినన్నే. అన్నిటికన్నా పెద్దది మద్యం సంస్థ డియాజియో ఆధీనంలోని కామెరాన్‌బ్రిడ్జ్. ఏటా 10 కోట్ల లీటర్లకు పైగా ఆల్కహాల్ తీయగల సామర్థ్యం దానిది. 2014లో డేవిడ్ బెక్‌హామ్ ప్రచారంతో వచ్చిన హేగ్ క్లబ్ అక్కడి సరుకే. విలియం గ్రాంట్ సంస్థ ఎయిర్‌షైర్‌లో 1963లో కట్టిన గిర్వన్‌లో స్తంభాల్లో పీడనం తగ్గించి, తక్కువ వేడి వద్ద స్వేదనం చేసే పద్ధతి అమల్లో ఉంది. వేడి తగ్గితే సున్నితమైన పూల, పండ్ల వాసనలు చెదిరిపోకుండా నిలుస్తాయి. గ్లాస్గోలో స్ట్రాత్‌క్లైడ్, బాత్‌గేట్ దగ్గర స్టార్లా, మాల్ట్‌తో పాటు గ్రెయిన్‌నూ తయారుచేసే లాక్ లోమండ్ మిగతావాటిలో ముఖ్యమైనవి.

ఉత్తరాన క్రోమార్టీ ఫర్త్ ఒడ్డున ఉన్న ఇన్వర్‌గార్డన్‌కు భారతదేశంతో కొంతకాలం నేరుగా సంబంధం ఉండేది. దాని యజమాని వైట్ అండ్ మెకేను 2007లో విజయ్ మాల్యా నేతృత్వంలోని యునైటెడ్ స్పిరిట్స్ కొనుగోలు చేసింది. 2014లో ఫిలిప్పీన్స్ సంస్థ ఎంపెరడార్‌కు అమ్మేసింది.

మూతపడినవీ ఉన్నాయి. కార్స్‌బ్రిడ్జ్ 1983లో, ఎడిన్‌బరోలోని కాలెడోనియన్ 1988లో, కాంబస్ 1993లో, డంబార్టన్ 2002లో, పోర్ట్ డుండాస్ 2010లో ఆగిపోయాయి. వాటి పీపాల్లో మిగిలిన విస్కీ ఇప్పుడు స్వతంత్ర సంస్థల ద్వారా అప్పుడప్పుడు సీసాల్లోకి వస్తోంది. బ్లెండ్‌లో పేరులేకుండా కలిసిపోవడానికి పుట్టిన విస్కీ, తన డిస్టిలరీ మూతపడ్డాక సొంత పేరుతో గుర్తింపు పొందుతోంది. ఈ మార్పుకు కొత్త తరం బ్లెండర్లూ దోహదం చేశారు. జాన్ గ్లేజర్ స్థాపించిన కంపాస్ బాక్స్ 2000లో తెచ్చిన హెడోనిజం పూర్తిగా గ్రెయిన్ విస్కీల కలయికే.

జాగ్రత్త, న్యాయం

ఒక మాట సూటిగా చెప్పాలి. గొంతులో మృదువుగా దిగడానికీ శరీరానికి హాని తక్కువ కావడానికీ సంబంధం లేదు. మాల్ట్ అయినా గ్రెయిన్ అయినా అందులోని ఇథనాల్ ఒకటే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఒక పానీయపు శాస్త్రాన్ని గౌరవించడం దాన్ని తాగమని చెప్పడం కాదు. తాగేవారు సైతం ఈ మృదుత్వమే మోతాదు మరిపించగలదని గుర్తుంచుకోవాలి.

ఆ హెచ్చరికతో పాటు ఈ విస్కీకి దక్కాల్సిన న్యాయం గురించి కూడా చెప్పాలి. మాల్ట్ కొలబద్దతో గ్రెయిన్‌ను కొలిస్తే పొగ లేదు, బరువు లేదు, ఘాటు లేదు అన్న లోటుల జాబితాయే మిగులుతుంది. దాని సొంత కొలబద్ద వేరు: ధాన్యాన్ని ఎంత శుభ్రంగా వినిపిస్తోంది, పీపాను ఎంత నిజాయితీగా చూపిస్తోంది, కాలాన్ని ఎంత తీరుగా నింపుకుంది. ఇలా కొలవాలంటే తాగేవారికి సమాచారం కావాలి. ధాన్యం గోధుమా, మొక్కజొన్నా, బట్టీ ఏ రకం, పీపా ఎన్నోసారి వాడింది అన్న వివరాలను లేబుల్‌పై చెప్పి తీరాలని చట్టం అడగడం లేదు. చాలా సీసాలు చెప్పడం లేదు. ‘గ్రెయిన్’ అన్న ఒక్క మాట వెనుక ఇన్ని భిన్నమైన మార్గాలు ఉన్నప్పుడు వాటిని దాచి ఉంచడం ఆ పనివారి నైపుణ్యానికే అన్యాయం. తయారీదారులు ఈ వివరాలను తమంతట తాము ప్రకటించాలి. అప్పుడే ఒకటిన్నర శతాబ్దానికి పైగా ఇతరుల పేరు వెనుక పనిచేసిన ఈ విస్కీని, కాఫీ బట్టీ మొదలు ఓక్ పీపా దాకా దానిలో ఇమిడిన శాస్త్రాన్ని, పాఠకులూ రసికులూ తెలిసి తూచగలుగుతారు.